రుస్తాఖ్ కొండ మీద ఒక్క పిలుపు

దయ్యాలంటే నాకు చిన్నప్పటి నుంచీ నమ్మకం లేదు. మా ఊళ్ళో శ్మశానం పక్క చేనుకు నీళ్ళు కట్టడానికి ఎవరూ ముందుకు రాకపోతే నన్నే పంపేవారు. పోయేవాడిని, అక్కడే గట్టు మీద పడుకుని నిద్రపోయేవాడిని కూడా. పెద్దగా చదువుకోలేదు గానీ, విన్నదీ చూసిందీ మరిచిపోయే మనిషిని కాదు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

ఇది డెబ్బైలలో మాట. ఒమాన్ అనగానే అందరూ ఎండలే అనుకుంటారు. నేనూ అట్లాగే అనుకుని రెండు పల్చటి చొక్కాలతో పోయాను. రుస్తాఖ్ అనే ఊరు దాటి కొండల్లోకి కంపెనీ రోడ్డు వేస్తుండేది. రోడ్డు కొలిచే ఇంజనీరు కోసం పైన రాళ్ళతో ఒక ఇల్లు కట్టారు. చలికాలం రాగానే ఇంజనీరు మస్కట్ పోయాడు. ఇంటికి కాపలాగా నన్నూ, పోశెట్టినీ ఉంచారు. పోశెట్టిది మా పక్క ఊరే. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు.

ఆ కొండ మీద మాకు కనిపించే మనుషులు ఇద్దరే. సామాను తెచ్చే డ్రైవర్ ఖాదర్ భాయ్ ఒకడు, ఆయనది హైదరాబాదు. ఇంకొకరు మేకలు కాసే సాలెం అనే ముసలాయన. తెలుగు మాట వినాలంటే నేను పోశెట్టితో, పోశెట్టి నాతో మాట్లాడుకోవాల్సిందే. కొన్నాళ్ళకు మాకు మాటలు కూడా అయిపోయాయి. ఆడమనిషి గొంతు విని ఎంత కాలమైందో లెక్క కూడా పోయింది.

ఇంట్లో డీజిల్ హీటర్ ఉండేది. ఇనుప పొయ్యి, దానికి సన్నటి పైపులోంచి డీజిల్ చుక్క చుక్కగా పడుతుంది, పొగ గొట్టంలోంచి పైకి పోతుంది. ఆ ఏడు చలి ఎట్లా పడిందంటే, బకెట్టులో నీళ్ళు పొద్దున్నే గడ్డకట్టి ఉండేవి. డీజిల్ కూడా చిక్కబడి పైపులో దిగేది కాదు. ముందు దాని సంగతి చూశాను. వేడినీళ్ళలో ముంచిన గుడ్డ పైపుకు చుట్టాను. డీజిల్ దిగింది. అయినా మంట లేవలేదు. పసుపుపచ్చగా మసి కక్కుతూ కుంగిపోయింది. పొయ్యి చల్లార్చి మసి గీకాను, పైపులో తీగ పెట్టి తోశాను, గొట్టం విప్పి దులిపాను. కాసేపు బాగానే మండి మళ్ళీ అదే తంతు.

పోశెట్టికి ముందే జలుబు చేసి ఉంది. తలనొప్పి అన్నాడు, తరువాత వాంతులు. చలి తగిలిందనుకున్నాం ఇద్దరమూ. మందుల కోసం ఖాదర్ భాయ్ రుస్తాఖ్ దిగిపోయాడు, అంతలో వడగళ్ళు పడి దారి మూసుకుపోయింది.

పొయ్యి మొరాయించడానికి ముందు రోజే ఇంకో పని చేసి ఉన్నాం. పొయ్యి పక్కన గోడకు కింద చిన్న రంధ్రం ఉండేది. అందులోంచి చలిగాలి సూదిలా వచ్చేది.

"అన్నా, గా పొక్క మూయవే. సలంత గండ్లకెల్లే అస్తుంది" అన్నాడు పోశెట్టి.

"ఇంజనీర్‌సాబ్‌కు తెలివి లేదు తమ్మీ, ఇంత ఖర్చువెట్టి ఇల్లు కట్టి గోడకు పొక్క ఇడిసిండు" అని నవ్వి గోనెసంచి కుక్కాను. కిటికీ సందులకు సిమెంటు సంచుల కాగితం అంటించాను. తలుపు కింద చిరిగిన కంబళి దోపాను. మా దగ్గర చలి పెడితే అరుగు మీద కుంపటి పెట్టుకుంటాం, చుట్టూ గాలే. నాలుగు గోడలు మూసి నిప్పు పెట్టుకోవడం మాకేం తెలుసు?

ఖాదర్ భాయ్ దిగిపోయిన మర్నాడు మధ్యాహ్నం పోశెట్టి పెదాలు అదోలా ఎర్రబడ్డాయి. పిలిస్తే సగమే పలుకుతున్నాడు. వీడు పోతే వీడి తల్లికి ఏం మొహం చూపించాలి అని నాకు ఒకటే దిగులు. నా తల కూడా బండలా ఉంది. పొయ్యి ముందు కూర్చుని మళ్ళీ మసి గీకుతున్నాను.

అప్పుడు బయటి నుంచి ఒక ఆడగొంతు పిలిచింది. "గంగారాం..." అని. నా పేరే. చివర కాస్త సాగదీసి, అన్నానికి పిలిచినట్టు.

నేను లేచాను. పోశెట్టి కంబళిలోంచి చెయ్యి చాపి నా లుంగీ పట్టుకున్నాడు.

"పలుకకే అన్నా. మూడుసార్లు పిలిస్తెనే పలుకాలె."

మావైపు అది పెద్దలు చెప్పే మాటే. మనిషి కనబడకుండా పేరు పెట్టి పిలిస్తే ఒక్క పిలుపుకు పలకకూడదు, తలుపు తీయకూడదు. నాకు నమ్మకం లేకపోయినా గొళ్ళెం మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. రెండో పిలుపు రాలేదు. అది వెళ్ళిపోతుందేమో అని నాకు భయం వేసింది. కంబళి కాలితో తన్ని తలుపు బార్లా తీశాను.

ఎవరూ లేరు. వాకిలంతా వడగళ్ళు పరుచుకుని తెల్లగా ఉంది, దాని మీద ఒక్క అడుగు గుర్తు లేదు.

గాలి లోపలికి కొట్టింది. వెనక బుస్సుమని చప్పుడైతే తిరిగి చూశాను. పొయ్యిలో మంట లేచి తేటగా మండుతోంది. అప్పుడు వెలిగింది నా బుర్రకు. పొయ్యికి గాలి కావాలి, మాకూ కావాలి. పోశెట్టిని భుజాన వేసుకుని బయట గోడకు ఆనించి కూర్చోబెట్టాను. గోడలో కుక్కిన సంచి లాగి పారేశాను. పొద్దు వాలే వేళకు వాడు కళ్ళు నిలిపి చూసి చాయ్ అడిగాడు.

రెండు రోజులకు ఖాదర్ భాయ్ వచ్చి అంతా విని నవ్వాడు. "అరే మియా, ధువాఁ సర్ కో చఢ్ గయా థా" అన్నాడు. పొగ తలకెక్కితే లేనివి వినిపిస్తాయట. ఉండవచ్చు. కానీ ఇద్దరికీ ఒకే గొంతు, ఒకే పేరు ఎట్లా వినిపిస్తుంది?

అదైనా సరిపెట్టుకునేవాడిని. ఆ వారంలోనే సాలెం మేకలతో వచ్చాడు. ఆయనకు నా పేరు తెలియదు, మమ్మల్నిద్దరినీ హిందీ, అంటే ఇండియావాడు, అనే పిలిచేవాడు. వడగళ్ళకు ఆ రోజు ఎదురు కొండ గుహలో తలదాచుకున్నాడట. మీ ఇంటికి ఆడమనిషి ఎప్పుడొచ్చింది అని అడిగాడు. తరువాత ఒక్కో అక్షరం తడుముకుంటూ, "గంగారాం ఎవరు?" అన్నాడు. ఆయన తలకు ఏ పొగ ఎక్కింది?

పోశెట్టి ఇప్పుడు మనవళ్ళను ఎత్తుకున్నాడు. ఆ మాట తీస్తే దండం పెట్టి ఊరుకుంటాడు. నేను మాత్రం ఊరుకోలేకపోయాను. అది మా అమ్మ గొంతు కాదు, అక్కది కాదు, నా భార్యది కాదు. చనిపోయినవాళ్ళలో కూడా ఎవరిదీ కాదు. నాకు తెలిసిన మనిషే కాదు.

ఆ సాయంత్రం పోశెట్టి చాయ్ తాగి లోపల పడుకున్నాక, మళ్ళీ పిలుస్తుందేమో అని చీకటి పడేదాకా వాకిట్లోనే నిలబడ్డాను. భయమేమీ వేయలేదు. చేతులు కొంకర్లు పోయినా లోపలికి రాబుద్ధి కాలేదు. ఈసారి పిలిస్తే మొదటి పిలుపుకే పలకాలనుకున్నాను.

పిలవలేదు.