వత్తానమ్మా

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పడానికీ ఇది రాయడం లేదు. మా అమ్మాయి హరిత పోయాక మా ఆడపడుచు విజయనగరం నుంచి వచ్చి, పెళ్ళికాని పిల్ల, ఇల్లు పట్టుకుని తిరుగుతుంది, తాయెత్తులు కట్టించుకోండి అంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆత్మలే ఉంటే నా కూతురు ఒక్కసారైనా నాకు కనబడకుండా ఉంటుందా అని ఆవిడ మీద విరుచుకుపడ్డాను. ఏడాదిపాటు వీధి తలుపు గడియ పెట్టకుండా పడుకున్నదాన్ని నేను. ఎవరూ రాలేదు. అందుకని నా నమ్మకాల సంగతి పక్కన పెట్టండి. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయనకి భిలాయి ఉక్కు ప్లాంటులో, రోలింగ్ మిల్లులో పని. నేను పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ సెక్టర్ క్వార్టర్లోనే ఉంటున్నాం. పవర్ హౌస్ బజారులో నాకు జాకెట్లు కుట్టే చిన్న దుకాణం ఉంది. హరిత ఇక్కడే పుట్టింది. హిందీ గలగలా మాట్లాడేది. తెలుగు మాత్రం హిందీని తిరగేసినట్టు ఉండేది.

దానితో నాకు రోజూ ఒక పేచీ. కాలేజీకి బయల్దేరుతూ "జా రహీ హూఁ" అనేది. తెలుగులో చెప్పవే అంటే "పోతన్నా" అనేది. పోతన్నానని అనకూడదే, వత్తానను, అని నేను. మా వైపు గడప దాటే మనిషి ఎవరైనా, మళ్ళీ వస్తానని, ఆ మాటే అంటారు.

"ఎల్తూ ఎల్తూ వత్తానంటారేటి? మీ తెలుగోళ్ళు ఎంత ఝూఠ్ సెప్తారమ్మా" అని నవ్వేది. తను తెలుగుది కానట్టు. నేను ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దాని నోట రాలేదు.

ఆ రోజూ అంతే. నేను పొయ్యి దగ్గర పోపు వేస్తున్నాను. "పోతన్నానమ్మా" అని వాకిట్లోంచి కేకేసింది. "వత్తానను" అని నేనూ వంటింట్లోంచే కేకేశాను. అప్పటికే స్కూటీ స్టార్టు చేసింది. ఏదో అంది. ఏమందో ఆ చప్పుడులో నాకు వినబడలేదు. దుర్గ్ వెళ్ళే రోడ్డు మీద లారీ గుద్దింది. మేం ఆసుపత్రికి చేరేసరికే అంతా అయిపోయింది.

నేను ఏడుస్తుంటే అందరూ ఓదార్చారు. లోపల నన్ను తినేస్తున్నది ఏమిటో మాత్రం నేనెవరికీ చెప్పుకోలేదు. వత్తానందా, అనలేదా? రాత్రీ పగలూ నాకదే. అనలేదు కాబట్టి పోయిందని కాదు, అంత తెలివితక్కువదాన్ని కాను. నా బిడ్డ నాతో చివరిసారి ఏమందో నాకు తెలియాలి. అంతే.

పోవడానికి ముందు చలికాలంలో అది కాలేజీ పిల్లలతో కలిసి రతన్‌పూర్ కోట చూసి వచ్చింది. బిలాస్‌పూర్ దాటాక ఉంటుంది, ఎప్పటి రాజులదో, సగం కూలిపోయింది. వచ్చాక వారం రోజులు అదే గొడవ. లోపలి దర్వాజా దగ్గర నిలబడి అరిస్తే గోడ మన మాట మనకే తిరిగి చెబుతుందట. "నిన్ను తీసికెల్తానమ్మా. నన్ను తిట్టినవన్నీ ఆ కిలా నీకే వాపస్ ఇచ్చేస్తాది" అంది.

ఏడాది తిరిగాక, నేను అడగకుండానే, మా ఆయన సెలవు పెట్టారు. "అది సూపిత్తానన్నాది కదా, సూసొద్దాం పద" అన్నారు. పవర్ హౌస్ స్టేషన్లో రైలెక్కి, బిలాస్‌పూర్‌లో దిగి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం. చేరేసరికి మధ్యాహ్నమైంది. సెలవు రోజు కాదు కాబట్టి జనం లేరు. బయటి ద్వారం దగ్గర చౌకీదారు ఒక్కడే నీడన కూర్చుని ఉన్నాడు.

కోట నాకేమీ గొప్పగా అనిపించలేదు. రాళ్ళ మీద బొమ్మలు అరిగిపోయాయి. ఫోనులో అది చూపించిన చోటు కోసమే వెతికాను. దొరికింది. అది ఫొటో దిగిన మెట్టు మీదే నిలబడ్డాను. మా ఆయన నా పక్కనే ఉన్నారు.

"హరితా" అని పిలిచాను. ఆ పేరు గట్టిగా పిలిచి ఏడాదయింది. గోడ "రితా" అని తిరిగి పలికింది. పిల్ల చెప్పింది నిజమే అనుకున్నాను. కళ్ళు తుడుచుకుని మళ్ళీ పిలిచాను.

ఈసారి గోడ ఏమీ పలకలేదు. కాసేపు గడిచింది. తర్వాత పైనుంచి, బురుజు వైపు నుంచి, "వత్తానమ్మా" అని వినబడింది. వాకిట్లోంచి కేకేసే గొంతు. తొందరా విసుగూ నవ్వూ కలిసిన గొంతు. హరిత చివర్న 'మ్మా'ని సాగదీసేది. అలాగే సాగదీసింది.

మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. "ఏటయింది?" అన్నారు. ఆయనకి ఏమీ వినబడలేదు. మిల్లు మోతకి ఆయన చెవులు ఎప్పుడో మందగించాయి. ఇంట్లో కుక్కరు కూత కూడా నేనే చెప్పాలి. విన్నది చెబితే నా మొహంలోకి చూసి, కూర్చో, మంచినీళ్ళు తాగు అన్నారు. నాకు మతి చలించిందని భయపడ్డారు. నేనూ అదే అనుకున్నాను. ఏడాదిగా ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకున్నదానికి ఏదైనా వినబడుతుంది.

తిరిగి బయటి ద్వారం దగ్గరికి వచ్చాం. చౌకీదారు లేచి నిలబడ్డాడు. ఆ ఊరివాడే, పెద్దవాడు, తెలుగు ముక్క రాదు. "దీదీ, బిటియా ఊపర్ రహ్ గయీ క్యా?" అన్నాడు. మీ అమ్మాయి పైనే ఉండిపోయిందా అని.

ఏ అమ్మాయి అన్నాను. మీరు పిలిస్తే పైనుంచి పలికింది కదా, అది కూలిన గోడ, దిగమని చెప్పండి అన్నాడు. ఏమని పలికిందని అడిగాను. అతను కాస్త తడబడి, కూడబలుక్కుని, గట్టిగా "వత్తానమ్మా" అన్నాడు.

మా ఆయన వెనక్కి పరుగెత్తారు. మోకాళ్ళ నొప్పితో క్వార్టర్ మెట్లు దిగడానికే అవస్థపడే మనిషి. "హరితా, ఒలే హరితా" అని ప్రతి గోడ దగ్గరా పిలిచారు. చౌకీదారు కూడా అంతా వెతికి వచ్చాడు. ఎవరూ లేరు. ఆయన రాతి మీద కూలబడి, "నాకెందుకు ఇనబళ్ళేదే" అని చిన్నపిల్లాడిలా ఏడ్చారు. నేను ఏడుస్తుంటే ఆయన ధైర్యం చెప్పడం అలవాటు. ఆ రోజు నాకు ఆయన్ని ఎలా ఊరుకోబెట్టాలో తెలియలేదు.

తర్వాత అన్ని విధాలా ఆలోచించాను. తెలుగువాళ్ళెవరైనా పైన ఉండి ఉంటారా? ఉన్నా, వత్తానని అనేది మా వైపు వాళ్ళే. పోనీ నేనే నాకు తెలియకుండా అనేశానా? గోడ తిరిగి చెప్పిందా? మరి చౌకీదారు ఆడపిల్ల గొంతు అంటాడేం? ఏదీ అతకడం లేదు.

మేం బయల్దేరుతుంటే చౌకీదారు ఆ మాటకి అర్థమేమిటని అడిగాడు. ఏం చెప్పను? గడప దాటి వెళ్ళిపోయేటప్పుడు అనే మాట అది. మాటలో ఉన్నది మాత్రం రావడం. వెళ్తున్నానని జా రహీ హూఁ అనాలో, వస్తున్నానని ఆ రహీ హూఁ అనాలో తోచలేదు. ఆటో ఎక్కేశాను.

చీకటి పడ్డాక ఇంటికి చేరాం. మా ఆయన అన్నం తినకుండానే పడుకున్నారు. నేను వీధి తలుపు దగ్గరికి వెళ్ళాను. గడియ పెట్టాలో వద్దో తెలియక చాలాసేపు అక్కడే నిలబడ్డాను.