వెనకద్దం మీద ముగ్గుపిండి

ఈ రోజు సైకిల్ షాపులో, పిల్లల్ని కూర్చోబెట్టి లాగే చిన్న ట్రెయిలర్‌ను నా సైకిలుకు తగిలించి, హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పాను. ట్రెయిలర్ కడ్డీ వెనక చక్రానికి రాసుకుని కర్రుమంది. షాపతను నవ్వి, "రోడ్డు మీద అంతలా ఎవరూ తిప్పరండీ" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట నేను వినడం అదే మొదటిసారి కాదు. ఇప్పుడు పాప నిద్రపోయింది, ఇల్లు సద్దుమణిగింది, నా చెవిలో మాత్రం ఆ చప్పుడు ఆగడం లేదు. దాని వెనకాలే ప్రభాకర్ గారి గొంతు.

జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో ఊరి బయట ఒక చిన్న కంపెనీలో పార్ట్‌టైమ్ చేసేదాన్ని. పికప్ ట్రక్కులకు పెద్ద ట్రెయిలర్లు లాగే ఏర్పాట్లు బిగించడం అక్కడి పని. టెస్టింగ్ అంతా ప్రభాకర్ గారిది. ఏలూరు మనిషి, బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద భార్యాపిల్లలతో వచ్చారు. ఆదివారం చర్చిలో పాడే గొంతుతోనే సోమవారం వర్క్‌షాపులో అరిచేవారు. చేరిన రోజే నన్ను ఒక ట్రక్కు దగ్గర నిలబెట్టారు. ఇల్లంత ట్రెయిలర్, దాని ముక్కు ట్రక్కు తొట్టి మీదికి వచ్చి, తొట్టిలో బిగించిన ఇనుప పళ్లెం మీద కూర్చుంటుంది. ఆ పళ్లేన్నే హిచ్ అంటారు. తొట్టి పొట్టిదైతే, బండి బాగా మలిపినప్పుడు ట్రెయిలర్ మూల వచ్చి డ్రైవర్ క్యాబిన్‌కు తగలొచ్చు. అందుకని అవసరమైనప్పుడు వెనక్కి జరిగే హిచ్ ఒకటి అమ్ముతారు.

"పొట్టి తొట్టికి జరిగే హిచ్ కావాలా, అక్కర్లేదా? చెప్పమ్మాయ్."

"కావాలి సర్. నెట్‌ల అందరు అట్లనే రాసిన్రు."

"రాసినోళ్లు ఈ ట్రక్కు చూశారా? ఈ ట్రెయిలర్ ముక్కు చూశారా?"

"అయితే అక్కర్లేదా సర్?"

"ఓరి దేవుడా! నువ్వు వంట కూడా ఇలాగే చేస్తావా, ఉప్పు చూడకుండా?"

ఆయన పద్ధతి ఒకటే. ట్రెయిలర్ ముందు మూలలకు మందపాటి స్పాంజి ముక్కలు అతికించేవారు. వాటి మీద ఇంటినుంచి తెచ్చిన ముగ్గుపిండి అద్దేవారు. క్రిస్మస్‌కు వాళ్లావిడ గుమ్మం ముందు నక్షత్రం వేయగా మిగిలిన పిండి అది. తర్వాత బండిని మెల్లగా వెనక్కి నడుపుతూ, ట్రెయిలర్ అడ్డంగా నిలిచేదాకా తిప్పించేవారు, రెండు వైపులా. క్యాబిన్ మీద తెల్లటి మరక పడితే జరిగే హిచ్ కావాలి. పడకపోతే అక్కర్లేదు, కొనొద్దని కస్టమర్‌కు ఆయనే చెప్పేవారు. అందుకని అమ్మకాల వాళ్లకు ఆయనంటే రెండు విధాలా కోపమే.

ఒక శుక్రవారం ఒక కుటుంబానికి బండి అప్పగించాలి. ఇద్దరు చిన్న పిల్లలు. వాళ్ల సీట్లు అప్పటికే వెనక, అద్దానికి ఆనుకుని బిగించి ఉన్నాయి. జరిగే హిచ్ స్టాకులో లేదు. ఈ ట్రెయిలర్ మూలలు గుండ్రంగా ఉన్నాయి, మామూలు హిచ్ చాలని సేల్స్ మేనేజర్ తేల్చేశాడు. ప్రభాకర్ గారు తిప్పించారు. వెనకద్దం మీద, సరిగ్గా ఒక పిల్లసీటు తల దగ్గర, అరచేయంత తెల్ల మరక.

"ఇప్పుడు తగిలింది స్పాంజి. క్యాంపింగ్‌లో రివర్స్ చేసేటప్పుడు తగిలేది రేకు" అన్నారు.

మేనేజర్ "అంతలా ఎవరూ తిప్పరు" అంటూ జేబురుమాలు తీసి ఆ మరకను తుడిచేశాడు. నా కళ్లముందే, కాఫీ ఒలికితే తుడిచినంత తేలిగ్గా!

ఆ పిల్లల తల్లి రాగానే ప్రభాకర్ గారు మళ్లీ పిండి అద్దారు. వచ్చీరాని జర్మన్‌లో "ఇక్కడ నిలబడి చూడండమ్మా" అని, ఆమె ముందే ఇంకోసారి తిప్పించారు. ఆమె మరకను చూసింది, అద్దంలోంచి లోపలి సీటును చూసింది. పిల్లల చేతులు పట్టుకుని మేనేజర్ వైపు తిరిగి, "జరిగేది బిగించాకే తీసుకెళ్తాం" అంది.

ప్రభాకర్ గారి కాంట్రాక్టు గడువు ముగిశాక కంపెనీ పొడిగించలేదు. టీమ్‌తో కలిసిపోయే మనిషి కాదట! తప్పు చూపించినవాడు కలవనివాడు, మరక తుడిచినవాడు మాత్రం టీమ్ మనిషి. బ్లూ కార్డు మీద ఉన్నవాడికి ఉద్యోగం పోవడమంటే ఇంటిల్లిపాది ఇక్కడ ఉండగలరా లేదా అన్నది తేలకపోవడం. ఆ సంగతి వాళ్లకు తెలియదా? చివరి రోజు ఉండబట్టలేక అడిగాను.

"ఊకుంటే అయిపోతుండె కద సర్?"

"ఊరుకుంటే ఆ సీట్లో పిల్లోడు కూర్చునేవోడు కదమ్మాయ్" అన్నారు. అంత మెల్లగా ఆయన మాట్లాడగా నేను వినడం అదొక్కసారే.

బెర్లిన్‌లో వేరే పని దొరికి, పిల్లల బడి మధ్యలోనే మాన్పించి వెళ్లిపోయారు. తర్వాత కొన్నాళ్లకు ఆ కంపెనీ కొత్త ప్రకటన వేసింది: "ప్రతి బండినీ తిప్పి చూశాకే ఇస్తాం." పక్కన ఫొటోలో అద్దం మీద తెల్ల మరక. పద్ధతి ఆయనది, పిండి ఆయన ఇంటిది, పేరు మాత్రం ఎక్కడా లేదు. ఫోన్ చేసి చెబితే ఆయన పగలబడి నవ్వారు. "పోన్లే, తిప్పుతున్నారుగా!" ఆయన నవ్వగలిగారు. నాకు ఈ రోజుకీ నవ్వు రాదు.

ఈ రోజు షాపతను అలా నవ్వగానే, నా భర్త నవీన్ నా చెవి దగ్గరికి వచ్చి గొణిగాడు. "పోదాం పా, అందరు చూస్తున్రు. ప్రతిదానికి గింత భయమేంది నీకు?"

"చూడనీ" అన్నాను. పాప డైపర్ల సంచిలోంచి చిన్న డబ్బా తీశాను. దాన్ని ఎందుకు మోస్తున్నావని నవీన్ ఎన్నోసార్లు వెక్కిరించాడు. కడ్డీకి ముగ్గుపిండి పూసి హ్యాండిల్ మళ్లీ తిప్పాను. నల్లటి టైరు మీద తెల్లటి గీత పడింది. షాపతను వంగి చూశాడు. నవ్వు మానేసి లోపలికి వెళ్లి, ఇంకాస్త పొడవైన కొక్కెం తెచ్చి బిగించాడు. ఎడమకు తిప్పాను. చప్పుడు లేదు, గీత లేదు.

"అయిపోయింది కద, ఇగ పా" అన్నాడు నవీన్. పాప అప్పటికే ఒక కాలు ట్రెయిలర్‌లో పెట్టి, అయిపోయిందా అమ్మా అని జర్మన్‌లో అడుగుతోంది. దాన్ని ఎత్తి కిందికి దించాను.

"ఆగు బంగారం. ఇంకా కుడివైపు తిప్పలేదు."