కొత్తోళ్ల పేరేటి, బాబూ?

నాకు మనుషులను నమ్మే అలవాటు లేదు. ఖాళీ ఇళ్ల తాళాలు చూసే ఉద్యోగంలో పదకొండేళ్లు గడిపాక ఎవరికీ ఉండదు. అద్దెకున్నవాడు గోడకు చేసిన కన్నం దాస్తాడు, ఏజెంటు కారే కప్పు దాస్తాడు. వీళ్లందరికంటే నేను ఎక్కువగా అనుమానించింది మా తెలుగామెనే, భ్రమరాంబ ఆంటీని.

ఆవిడ ఆష్‌కోంబ్ హౌస్ శుభ్రం చేసేది. అరవై ఎనిమిదేళ్ల వయసులో తానుండే యూ టీ పేట నుంచి రెండు బస్సులు మారి వచ్చేది. నల్ల దూలాలు, తెల్ల గోడల పాత బంగ్లా అది. వందేళ్ల కిందట రబ్బరు కంపెనీ దొర ఒకడు ఇంగ్లండులో తన తాతల నాటి భవంతి పేరే పెట్టి కట్టించుకున్నాడట. అక్కడి భవంతిని అమ్ముకున్నాడు గనక ఇక్కడ ఇంకొకటి కావలసివచ్చిందేమో! అదీ నిలవలేదు. యుద్ధంలో ఈ దీవిని పట్టుకున్న జపాను ఆఫీసర్లు దిగారు. తర్వాత ఇంగ్లీషు నేవీవాళ్లు వచ్చారు. డెబ్భై ఒకటిలో వాళ్లూ మూటాముల్లె సర్దుకున్నాక ఇల్లు ప్రభుత్వానిదైంది. అప్పటినుంచీ అద్దెకే. డచ్చి ఇంజనీరు, ఆస్ట్రేలియా హెడ్‌మిస్ట్రెస్, ఫ్రెంచి వంటాయన, ఇలా ఎందరో. ఇల్లు ఇన్ని చేతులు మారినా వెనక తలుపు తాళంచెవి మాత్రం ఆంటీ కొంగుముడి దాటలేదు. అదే నాకు గిట్టేది కాదు.

పైగా ఆవిడ పుట్టింది ఆ బంగ్లా వెనకున్న పనివాళ్ల గదిలో. వాళ్లమ్మ రాములమ్మ శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి నేవీ దొర పిల్లలను పెంచింది. పుట్టినచోటి తాళంచెవి చేతిలో ఉన్న మనిషి గచ్చు తుడిచేసి బుద్ధిగా వెళ్లిపోతుందంటే నేను నమ్మను.

ఆధారాలూ లేకపోలేదు. ఇల్లు ఖాళీ అయిన ప్రతిసారీ, కొత్తవాళ్లు దిగేముందు వంటింట్లో మాడిన పాల వాసన వచ్చేది. చెత్తబుట్టలో ఖాళీ పాల డబ్బా. ఒకసారి గడప మూల నాలుగు బియ్యపు గింజలు కనిపించాయి. దొంగచాటుగా కాపురం ఉంటోందనే అనుకున్నాను. అన్నిటికంటే ఆవిడ అడిగే ప్రశ్న నన్ను తినేసేది.

"కొత్తోళ్ల పేరేటి, బాబూ?"

"మీకెందుకు ఆంటీ?"

"ఊరికినే లా." ఇక్కడ అందరూ మాట చివర తగిలించే 'లా' ఆవిడకూ అంటుకుంది.

ఊరికే ఎవరూ ఏదీ అడగరు. ఈ మార్చిలో ఇల్లు మళ్లీ అద్దెకు పోయినప్పుడు నేను పేరు చెప్పలేదు. "ఎవరో బ్యాంకువాళ్లు" అని ఊరుకున్నాను. ఆవిడ ఇంకో రెండుసార్లు అడిగింది. నోరు కట్టేసుకున్నందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.

వచ్చింది చక్రధర్, తన్మయి. బెజవాడవాళ్లు, సెంగ్‌కాంగ్ వైపు కాండో అపార్ట్‌మెంటు నుంచి మారుతున్నారు. ఆదివారం ఉదయం ఎనిమిదిన్నరకు ముహూర్తమని కొత్త గిన్నె, పాలు పట్టుకుని దిగారు. నేను తలుపు తీశాను. ఇల్లు తుడవడానికి వచ్చిన ఆంటీ, వాళ్ల తెలుగు విని గుమ్మం దగ్గరే బిగుసుకుపోయింది. వంటింట్లోకి వెళ్లిన తన్మయి కేక పెట్టింది.

"చక్రీ, ఇలా రా! స్టవ్ చూడు."

బర్నర్ చుట్టూ పొంగి ఎండిన పాల చార. కింద గడపకు పసుపు, కుంకుమ బొట్టు.

"మనకంటే ముందు ఎవరో గృహప్రవేశం చేసేశారు." తన్మయి నా వైపు తిరిగింది. "శ్రీనాథ్ గారూ, ఈ ఇల్లు ఇంకెవరికైనా మాటిచ్చారా? ఇలా అయితే నేను ఇక్కడ కాపురం పెట్టను."

నేను అప్పటికప్పుడే ఆఫీసుకు ఫోన్ చేశాను. ఇన్నేళ్లుగా దాచుకున్న అనుమానాలన్నీ ఏకరువు పెట్టాను. తాళంచెవి తీసేసుకోమన్నారు. వాళ్ల ఎదుటే చెయ్యి చాచాను. ఆంటీ కొంగుముడి విప్పడానికి చాలాసేపు పట్టింది.

తన్మయే అడిగింది, కాస్త తగ్గి. "ఎవరి కోసం పొంగించారు ఆంటీ?"

"మీకోసమే, తల్లీ. దొరలకి ఇయ్యన్నీ తెలీవు గదా. పాలు పొంగని ఇంట్లో మనుసులు ఎలాగుంటారని మా యమ్మ దొరసానికి తెలీకండా పొంగించీది. అమ్మ తరవాత నాను. వొచ్చినోళ్ల పేరు సెప్పుకుని పొంగిస్తాను. ఆళ్లు అడుగెట్టీదాకా ఆ చార తుడవకూడదు. ఈపాలి ఈ బాబు పేరు సెప్పనేదు. తెలుగోళ్లని తెలిస్తే మీకే ఒగ్గేద్దును."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నేనూ గుంటూరువాణ్ణే. ఫ్లాట్‌లో దిగినరోజు పాలు మైక్రోవేవ్‌లో వేడిచేసుకుని కాఫీ కలుపుకున్నవాణ్ణి, ఇక నాకేం తడుతుంది?

తన్మయి ఆ చార మీదే కొత్త గిన్నె పెట్టింది. ఆంటీని పక్కన నిలబెట్టుకుని, "మీ ఇంట్లో ఎప్పుడు పొంగించారు?" అని అడిగింది.

"యూ టీలోనా? ముప్పై ఏళ్లయింది వొచ్చి. అక్కడ పొంగించనేదమ్మా." ఆవిడ తలెత్తి కప్పువైపు చూసింది. "ఇల్లంటే ఇదే అనుకున్నాను."

అంటే నా అనుమానం నిజమే! ఆవిడ ఆ ఇల్లు తనదే అనుకుంది. అది నిజమైనందుకు నాకు ఏడుపొచ్చింది.

తాళంచెవి మళ్లీ ఇప్పించమని తన్మయి రాసింది, నేనూ రాశాను. ఆఫీసు ఒప్పుకోలేదు. శుభ్రం చేసే పని వేరే కంపెనీకి పోయింది. ఆ చెయ్యి చాచింది నేనే కదా, నిద్ర పట్టలేదు. తర్వాతి ఆదివారం పాల డబ్బా కొనుక్కుని యూ టీలో ఆంటీ ఇంటికి వెళ్లాను. లోపలికి అడుగు పెడుతూనే బంగ్లా సామాను ఏమైనా ఉందా అని నా కళ్లు వెతికాయి. ఏమీ లేదు. ఛీ అనుకున్నాను.

ఆంటీ గడపకు పసుపు రాసింది. స్టవ్ వెలిగించింది. పాలు పైకి లేస్తుంటే కళ్లు మూసుకుని చేతులు జోడించింది. పెదవులు కదిలాయి, ఆగిపోయాయి. కళ్లు తెరిచి నా వైపు తిరిగింది.

"కొత్తోళ్ల పేరేటి, బాబూ?"

"భ్రమరాంబ, ఆంటీ" అన్నాను.