అరువు వెళ్ళిన ఎర్రకోడి

మా నానమ్మకు కోపం రాలేదంటే ఆ రోజు ఒంట్లో బాగాలేదని అర్థం. పొద్దున్నే పెరట్లో కోళ్ళగూడు తలుపు తీయడంతో మొదలయ్యేది ఆ కోపం. దిగిన కోడిని దిగినట్టే పట్టుకుని, చంకలో ఇరికించుకుని, రెక్క ఎత్తి, ఈకలు పాయలు తీసి, నోటితో ఉఫ్‌మని ఊది, చర్మం మీద ఏమైనా పాకుతోందేమో చూసేది. తోక కింద చూసేది. కాళ్ళ మీద పొలుసులు లేచి ఉంటే కొబ్బరినూనె రాసేది. కోళ్ళు లబోదిబోమనేవి.

"ఊరుకోవే! నిన్నేమైనా కోసుకు తింటున్నానా?"

ఆ పట్టు సంగతి నాకు బాగా తెలుసు. చిన్నప్పుడు పేలు చూడటానికి నా తల కూడా అలాగే మోకాళ్ళ మధ్య ఇరికించేది. కోళ్ళకంటే నేనే ఎక్కువ అరిచేదాన్నని ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

వీధిలో ఎవరి కోడి తూలినా, తల వాల్చినా, చంకనేసుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్ళు. పేలైతే ఏ పౌడరు చల్లాలో, కడుపులో పాములైతే నీళ్ళలో ఏ మందు కలపాలో, మందు తాగిన కోడి గుడ్డు ఎన్నాళ్ళు తినకూడదో నానమ్మ చెప్పేది. చెప్పేది అంటే తిట్టేది. "ఇంతగా పట్టేదాకా ఏం చేస్తున్నావు? టీవీ చూస్తున్నావా?" వాళ్ళు తిట్లు తిని, మందు పేరు రాయించుకుని వెళ్ళేవాళ్ళు. నానమ్మ గూటి కోళ్ళకు పేను పట్టదు అనేది వీధిలో స్థిరపడిపోయిన మాట. నానమ్మకు ఒంటి మీద బంగారం లేకపోయినా ఆ మాట ఉంది.

మా పెరటి గోడకు అవతల తాతయ్య చెల్లెలి ఇల్లు. మాకు అమ్మమ్మ వరస. వెనకింటి అమ్మమ్మ అంటాం. ఆవిడా నానమ్మా గోడకు చెరో పక్క నిలబడి మాట్లాడుకుంటే చుట్టుపక్కల ఇళ్ళలో రేడియో పెట్టుకోనక్కర్లేదు. ఆవిడ దగ్గరున్నవి ఫారం నుంచి తెచ్చుకున్న తెల్లకోళ్ళు. గుడ్డు పెట్టి వెనక్కి తిరిగి చూడని రకం. పొదగడం వాటికి తెలియదు. ఆవిడకేమో కోడిపిల్లల మీద మోజు పుట్టింది. మా ఎర్రకోడి పొదుగుకొచ్చిందని తెలిసి గోడ మీద నుంచి తల పెట్టింది.

"వదినా, నీ ఎర్రదాన్ని కొన్నాళ్ళు నాకివ్వు. నా గుడ్ల మీద కూర్చోబెట్టుకుంటాను."

"ఇస్తాను. నా గంపతోటే ఇస్తాను. నీ అట్టపెట్టెల్లో కూర్చునే రకం కాదు అది."

"గంపతో పాటు నువ్వూ వస్తావా ఏంటి?"

"అవసరమైతే వస్తాను."

ఆ గంప నానమ్మ స్వయంగా తయారు చేసుకున్నది. వెదురు గంపకు లోపల గోనెపట్టా కుట్టి, అంచంతా పాత చీర పేలికలు చుట్టింది. ఖాళీగా ఉన్నప్పుడు మా గూట్లోనే, కోళ్ళు ఎక్కి పడుకునే కర్రల కింద ఉండేది. ఎర్రకోడి దాంట్లో మహారాణిలా ఊరేగుతూ వెనకింటికి వెళ్ళింది.

పొదిగే రోజుల్లో సగం బాగానే గడిచాయి. తర్వాత ఒక మధ్యాహ్నం గోడ మీద నుంచి కేక.

"వదినా, నీ కోడికి ఏదో జబ్బు. తల మీద జుట్టు పాలిపోయింది. దాన్ని ముట్టుకుంటే నాకు ఒకటే దురద. చేతులు చూడు, ఎలా దద్దురులెక్కాయో!"

నానమ్మ చేతిలో చాట కింద పడేసింది. "నా కోడికా? జబ్బా? నా గడప దాటేటప్పుడు రాయిలా ఉంది. ఏమైనా వస్తే నీ ఇంట్లోనే వచ్చింది!"

సందు తిరిగి వెనకింటికి వెళ్ళాం. నేనూ నడుం మీద చేతులు పెట్టుకుని నానమ్మ వెనకే నిలబడ్డాను. మా ఇంటి పరువు కదా. నానమ్మ ఎర్రదాన్ని ఎండలోకి తెచ్చి, రెక్కల కిందా, మెడ కిందా, తోక కిందా, ఈక ఈకా విప్పి చూసింది. ఏమీ లేవు.

"ఏదీ? చూపించు. ఒక్క పేను చూపించు!"

"నాకు కనబడితే నిన్నెందుకు పిలుస్తాను?"

"ఎలా కనబడుతుంది, లేనిది? నీ తెల్లకోళ్ళ కంపు పీల్చి వాడిపోయింది. నీళ్ళు మారుస్తున్నావా అసలు? గింజలు వేస్తున్నావా, లేక నీ మాటలతోనే కడుపు నింపుతున్నావా?"

"పోనీలే పాపమని చెబితే నామీదే పడతావేంటి!"

ఇంటికొచ్చాక కూడా నానమ్మ ఊరుకోలేదు. కాకికి చెప్పింది, కుళాయికి చెప్పింది, అన్నం తింటున్న నాకు చెప్పింది. తన చేతి మీద పెరిగిన కోడికి పురుగు పట్టిందంటుందా? అదీ వీధంతా వినేటట్టు?

మర్నాడు సాయంత్రం చూద్దుమా, కోడి జుట్టు సున్నం కొట్టిన గోడలా ఉంది. ముక్కు ముందు గింజలు పోసినా లేవడం లేదు. గుడ్ల మీద అలాగే కళ్ళు మూసుకుని కూర్చుంది. పొదిగే కోడి మొండిది. ప్రాణం పోతున్నా గుడ్లు వదలదు. నానమ్మ మొహం చూస్తే నాకు అర్థమైంది, ఇంకో రెండు రోజులుంటే ఎర్రది దక్కదు.

"చచ్చేదాకా కూర్చోబెడతావా దీన్ని? ఇచ్చెయ్. తీసుకుపోతాను."

"మరి నా గుడ్లు? లోపల సగం పిల్లలయ్యాయి వదినా!"

"నువ్వే కూర్చో వాటి మీద!"

గుడ్లు మంచం మీద పెట్టించి, కోడిని ఒక చేత్తో, గంపను నడుం మీద రెండో చేత్తో పట్టుకుని నానమ్మ విసురుగా బయటికొచ్చింది. వెలుగు తగ్గిపోతోంది. సందు మలుపు దగ్గరికి వచ్చేసరికి గంప వైపు చెయ్యి గోక్కోవడం మొదలుపెట్టింది. ఇంటికి రాగానే బల్బు కింద, ఉతికిన తెల్ల దుప్పటి పరిచి, దాని మీద గంప దులిపింది.

కారప్పొడి రాలింది. ఆ కారప్పొడి నడిచింది.

నానమ్మ బొటనవేలితో ఒకదాన్ని నొక్కితే దుప్పటి మీద ఎర్రటి మరక పడింది. మా ఎర్రదాని రక్తం. ఇవి కోడి ఒంటి మీద కాపురం ఉండే పేలు కావు, నల్లుల్లాంటివి. పగలంతా కర్రల సందుల్లో, పేలికల మడతల్లో దాక్కుంటాయి. చీకటి పడితే బయటికొచ్చి కోడి రక్తం తాగి, మళ్ళీ సందుల్లోకి పోతాయి. కర్ర మీద పడుకున్న కోడికి పగలైనా విడుపుంటుంది. పొదిగే కోడి వాటి ఇంటి మీదే పగలూ రాత్రీ కూర్చుంటుంది. నానమ్మ ఇన్నేళ్ళూ చూసింది పట్టపగలు, కోడి ఒంటి మీద.

టార్చి పట్టుకుని మా గూటి దగ్గరికి వెళ్ళింది. కోళ్ళు పడుకునే కర్ర ఎత్తి, గోడకు ఆనే చివర చూసింది. పుట్టలు పుట్టలుగా ఉన్నాయి.

నానమ్మ టార్చి వెలుగును కర్ర ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పింది. నాకు భయమేసింది.

"నానమ్మా, ఇవి మనవేనా?"

"వెనకింటివైతే ఎంత బాగుండేది."

ఆ తర్వాత ఆవిడ చేతులు ఆగలేదు. ఎర్రదాని కళ్ళల్లో పడకుండా తల నా అరచేత్తో కప్పించి, ఈకల్లోకంతా పౌడరు పట్టించింది. గంప మీద కిరసనాయిలు పోసి అంటించింది. దానికి బదులుగా ఒక రేకుతొట్టిని మరిగే నీళ్ళతో కడిగి, తుడిచి, కొత్త గడ్డి పరిచింది. అన్నీ అయ్యాక చెప్పులు వేసుకుంది. విప్పింది. మళ్ళీ వేసుకుంది. అక్కడ గుడ్లు చల్లారిపోతున్నాయి. కోడిని తీసుకుని వెళ్తే గంప ఏదని వెనకింటి అమ్మమ్మ అడుగుతుంది. వెళ్ళకపోతే ఎవరికీ ఏమీ తెలియదు.

"నేను తీసుకెళ్తాలే" అన్నాను.

"నువ్వు అబద్ధాలు బాగా ఆడతావు. అందుకే పంపను."

వెళ్ళేసరికి వెనకింటి అమ్మమ్మ మంచం మీద కదలకుండా కూర్చుని ఉంది. గుడ్లన్నీ కంబళిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. పక్కన వేణ్ణీళ్ళు పోసిన సీసా.

"నువ్వెప్పుడు పొదుగుకొచ్చావు?" అంది నానమ్మ.

"నువ్వే కదా వదినా కూర్చోమన్నావు!"

నానమ్మ తొట్టి కింద పెట్టింది. "నల్లులు నా గంపలోవి! విన్నావా? నా గూట్లోవి! పుట్టలు పెట్టాయి! కళ్ళు నెత్తికెక్కి నేను చూసుకోలేదు. నీ చేతులు దద్దురులెక్కింది నా వల్లే!" నేరం చేసింది వెనకింటి అమ్మమ్మే అన్నట్టు మీద మీదకు వెళ్ళి చెప్పింది.

"అరవకు వదినా. గుడ్లు అదురుతాయి."

గుడ్లు తొట్టిలో సర్ది ఎర్రదాన్ని వదిలారు. అది నిలబడింది. కొత్త గడ్డి వైపు అనుమానంగా చూసింది. రేకును ముక్కుతో పొడిచింది. ఇద్దరూ తొట్టి మీదకు వంగారు. "కూర్చో తల్లీ, కూర్చో. నీకు పుణ్యముంటుంది" అంటోంది వెనకింటి అమ్మమ్మ. "కూర్చుంటావా లేదా, మొండి మొహమా!" అంటోంది నానమ్మ. ఎవరి మాట విన్నదో తెలియదు, రెక్కలు పరిచి గుడ్ల మీద ఒరిగింది.

మర్నాటి నుంచి మా గూటి మీద యుద్ధం. కర్రల మీద మరిగే నీళ్ళు, సందుల్లో కిరసనాయిలు, గోడలకు సున్నం. వారం తిరిగాక, నల్లుల గుడ్లు పగిలి ఉంటాయని మళ్ళీ మొదటి నుంచి. "పగలు దాక్కుంటారా, దొంగ మొహాల్లారా! నా ఇంట్లో, నా కళ్ళ ముందు!" నీళ్ళకంటే ఎక్కువగా తిట్లు పోసింది. ఎర్రది మెల్లగా కోలుకుంది. ఒకరోజు తనే లేచి వచ్చి నీళ్ళు తాగి, గింజలు తిని, అడ్డొచ్చిన నానమ్మ చేతిని పొడిచింది. నానమ్మ ఆ గాటు నాకు చూపించి మురిసిపోయింది. గుడ్లలో కొన్ని మురిగిపోయాయి, మిగతావి పిల్లలయ్యాయి.

కోడిపిల్లల్ని చూడ్డానికి వెనకింటికి వచ్చిన మూలింటి టైలరమ్మ అడిగింది. "మధ్యలో ఎర్రదానికి ఒంట్లో బాగాలేదట కదా, ఏమైంది?"

వెనకింటి అమ్మమ్మ ఠక్కున అందుకుంది. "ఏం లేదులే, చోటు మారింది కదా, కాస్త బెంగపెట్టుకుంది."

గోడకు ఇవతల నానమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. "బెంగేంటి, నీ మొహం! నల్లులు! నా గూట్లో నల్లులు! ఆ మాట చెప్పడానికి నోరు రాదా?"

టైలరమ్మ గోడ వైపు తిరిగింది. "మీ గూట్లోనా?"

"నా గూట్లోనే! వీధికంతా పేలు చూసిపెట్టే నా గూట్లో!"

"నీ పరువు కాపాడదామనే కదా వదినా..." అని నసిగింది వెనకింటి అమ్మమ్మ.

"నా పరువు కాపాడితే వీళ్ళ కోళ్ళనెవరు కాపాడతారు? నా మాట నమ్మి అందరూ పగలే చూసుకుంటున్నారు కదే!" నానమ్మ గూటి మీదున్న టార్చి అందుకుని, వీధి తలుపు తీసి, టైలరమ్మను కేకేసింది. "దీపాలు పెట్టే వేళైంది. పద మీ ఇంటికి. రెక్కలెత్తి చూపించకు నాకు. ముందు ఆ కర్ర ఊడదీయి!"