కోళ్లు నూకలు తిన్న రేకు

మా వదిన కుడిచేయి గురించి చెప్పాలంటే ముందు నా కోపం గురించి చెప్పాలి. నాకది ముక్కు మీదే ఉంటుంది. ట్రాక్టర్ స్టార్ట్ కాకపోతే టైరును తంతాను, తన్నిన కాలు నొప్పి పెడితే మళ్లీ ట్రాక్టర్‌నే తిడతాను. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ పోతే, ఆ యేడే కొత్త కోడలిగా వచ్చిన వదిన ఆ కుడిచేత్తో నాకు ముద్దలు కలిపి పెట్టింది. అల్లరి చేస్తే వీపు పగిలేలా కొట్టిందీ ఆ చేత్తోనే. ఆ చేయి ఉంటుందా పోతుందా అని వనపర్తి దవాఖానలో గోడకు ఆనుకుని కూర్చున్న రోజు ఒకటుంది. అది నా కోపం వల్ల వచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. అలా చెప్పుకోవడం కూడా నన్ను నేను వెనకేసుకు రావడమే. అందులో నా బద్ధకం ఉంది, నా అబద్ధం ఉంది.

మాది పెద్దమందడి దగ్గర ఊరు. నాకు పాత ట్రాక్టర్ ఒకటి, దాని వెనక తగిలించే పల్లికాయ మిషన్ ఒకటి ఉన్నాయి. పీకి ఎండబెట్టిన పల్లి చెట్లను మిషన్‌లో వేస్తే కాయ ఒకవైపు, చెత్త ఇంకోవైపు పడతాయి. ట్రాక్టర్ తిరుగుడును మిషన్‌కు అందించేది మధ్యలో ఉండే ఇనుప షాఫ్ట్. మోకాలెత్తున, రెండు మూరల పొడవున గిరగిరా తిరుగుతుంటుంది. దాని మీద కప్పుగా వంపు రేకు ఒకటి, ట్రాక్టర్ వెనక భాగానికి నాలుగు బోల్టులతో బిగించి ఉండాలి. నాదానికీ ఉండేది. గ్రీజు పెట్టాలన్నప్పుడల్లా నాలుగు బోల్టులు విప్పు, మళ్లీ నాలుగు బిగించు! విసుగొచ్చి ఒకరోజు దాన్ని పీకి పెరట్లో గోడవారన పడేశాను. రేకేదని ఎవరైనా అడిగితే, "పాత బండి గదా, కొన్నప్పుడే లేకుండె" అనేవాణ్ణి. అప్పుడు అన్నా వదినా పుణెలో కూలి పనికి పోయి ఉన్నారు. ఆ తర్వాత అన్న అక్కడే ఉండిపోతే వదిన ఒక్కతే ఊరికొచ్చి, పెరట్లో ఆ రేకు చూసి, తుడిచి, బోర్లా ఉన్నదాన్ని వెల్లకిలా తిప్పి కోళ్లకు నూకలు వేయడం మొదలుపెట్టింది. అదేమిటని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ రోజు గోపాల్‌పేట వైపు ఒక రైతు చేనులో పని. పొద్దున్నే బ్యాటరీ దిగిపోయింది. నలుగురు నెడితే గాని ఇంజన్ అందుకోలేదు. నా తల అప్పటికే పొయ్యిలా ఉంది. వదిన, ఇంకా ఐదుగురు ఆడవాళ్లు పనికి దిగారు. అందరూ చీరల మీద ఇంట్లో మగవాళ్ల పాత చొక్కాలు తొడుక్కున్నారు. పల్లి చెట్టు దుమ్ము చర్మానికి తగిలితే దురద, అందుకే చేలో పని అంటే చొక్కా ఉండాల్సిందే. వదిన వేసుకున్నది నాదే. దళసరి గుడ్డ, చినగదని నేనే ఇచ్చాను. దాని చేతులు ఆమె వేళ్ల కొసలు దాటి వేలాడేవి.

"ఏరా, గీ కడ్డీ గిట్ల బయటికే తిరుగుతున్నది. జర ఏమన్న కప్పరాదు?" అంది.

"నేనిక్కడ బ్యాటరీతోని పరేషాన్ల ఉంటే నీదొక లొల్లా?" అని అరిచాను. అరిచి ఊరుకోలేదు. ఒక ఖాళీ గోనెసంచి లాక్కొచ్చి, షాఫ్ట్‌కు తగలకుండా పైన పరిచి, ఒక కొస ట్రాక్టర్‌కు, ఇంకో కొస మిషన్‌కు సుతిలి తాడుతో కట్టేశాను. "కప్పిన. సాల్నా?"

"అబ్బ, దానికి మంచిగ చీర కట్టినవ్" అని ఒకామె ఎగతాళి చేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సంచి కింద ఇనుము తిరుగుతూనే ఉంది, కాకపోతే ఇప్పుడు ఎవరికీ కనబడటం లేదు.

పది దాటాక చాయ్ వచ్చింది. ఇంజన్ ఆపాలి. ఆపితే మళ్లీ నెట్టడానికి నలుగురిని ఎక్కడ వెతకను? ఇంజన్ వేగం తగ్గించే చేతి పట్టీ దించి, దాన్ని సన్నగా నడవనిచ్చి, సీటు దిగి వేపచెట్టు కింద గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. మిషన్ చప్పుడు తగ్గేసరికి అందరి ఒళ్లూ సడలింది. నీళ్ల క్యాన్ ట్రాక్టర్‌కు అవతలి నీడలో ఉంది. చుట్టూ తిరిగి పోతే ఇరవై అడుగులు. సంచి దాటితే రెండడుగులు.

వదిన చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని ఒక కాలు అవతల వేయడం నేను చూశాను. చూశాను కదా! "ఆగు" అనలేదు. నోట్లో చాయ్ ఉంది. రెండో కాలు తీయబోయి తూలింది. కప్పి ఉంది కదా అని సంచి మీద చేయి ఆన్చింది.

సుతిలి తాడు తెగింది. సంచి లోపలికి చుట్టుకుపోయింది, సంచితో పాటు చొక్కా చేయి. నా చొక్కా చేయి.

"ఆపురో! బండి బంద్ పెట్టురో!" ఎవరు అరిచారో తెలియదు. గ్లాసు ఎక్కడ పడిందో తెలియదు. పది అంగల దూరం పరుగెత్తాను. ఆడవాళ్లు ఇద్దరు వదిన నడుం పట్టుకుని వెనక్కి గుంజుతున్నారు. ఆమె అరవడం లేదు. పళ్లు బిగించి, ఎడమచేత్తో ట్రాక్టర్ చక్రం మీది రెక్కను తోస్తోంది. ఇంజన్ ఆపే తీగ లాగాను. బిర్రుగా ఉంది, రాలేదు. తుప్పు పట్టిందని నాకు నెల నుంచి తెలుసు. రెండోసారి లాగితే వేలు కోసుకుపోయింది. మూడోసారి రెండు చేతులా లాగాను. ఇంజన్ దగ్గి ఆగింది. షాఫ్ట్ ఇంకొక్క చుట్టు తిరిగి నిలబడింది. ఆ ఒక్క చుట్టు నాకు ఈనాటికీ కళ్ల ముందు తిరుగుతుంది.

కొడవలితో గుడ్డ కోశాం. దళసరి గుడ్డ, తొందరగా తెగలేదు.

దవాఖానలో డాక్టర్ రెండు చోట్ల ఎముక విరిగిందని, నరాలు నలిగాయని, చేయి ఉంచగలమో లేదో రేపటిదాకా చెప్పలేమని అన్నాడు. ఇంజన్ సన్నగా నడుస్తుండబట్టి గాని, గట్టిగా నడుస్తుంటే మనిషే దక్కేది కాదన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "షాఫ్ట్ మీద రేకు ఉండాలి కదా?"

వదిన మంచం మీద కళ్లు మూసుకునే ఉంది గాని మెలకువగానే ఉంది.

"పాత బండి సార్. కొన్నప్పుడే లేకుండె" అన్నాను. తడుముకోకుండా అన్నాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చేయి దక్కింది. పిడికిలి మాత్రం మూసుకోదు, మోచేయి పైకి లేవదు. రెండు నెలల పాటు నేను ట్రాక్టర్ ముట్టలేదు. ఊళ్లో అందరూ నన్ను పాపం అన్నారు, బెంగతో చిక్కిపోయాడన్నారు. నేను పెరట్లోకి పోవడం మానేశానని ఎవరూ గమనించలేదు. అక్కడ కోళ్లు ఆ రేకులోనే నూకలు తింటున్నాయి.

ఒక పొద్దున గద్వాల వైపు నుంచి ఫోన్ వచ్చింది, పల్లి ఉంది మిషన్ పంపమని. సరేనని ట్రాక్టర్‌ను వాకిట్లోకి తెచ్చి గ్రీజు పెడుతున్నాను. వదిన ఎడమచేత్తో రేకును నడుముకు ఆన్చి పట్టుకుని వచ్చి నా వెనక నిలబడింది. రేకులో నూకలున్నాయి. ట్రాక్టర్ వెనక భాగం వంక చాలాసేపు చూసింది.

"ఏరా, గిక్కడ నాలుగు బెజ్జాలున్నయి."

నేను గ్రీజు పెడుతూనే ఉన్నాను.

"నా కోళ్ల రేకుకు గూడ నాలుగే."

ఏ రేకుకైనా నాలుగే ఉంటాయని అనొచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. వదిన ముఖం చూసి ఆ మాట మింగేశాను.

"అది దీనిదే వదినా. నేనే పీకిన. దవాఖాన్ల అబద్ధం చెప్పిన."

తిట్టలేదు. ఏడవలేదు. తిడితే బాగుండుననిపించింది. చిన్నప్పటిలాగా ఆమె ముందు వీపు వంచి నిలబడ్డాను. "కొట్టు వదినా" అన్నాను.

వదిన తన కుడిచేయి వైపు చూసుకుంది.

"కొట్టనీకి గిది లేస్తలేదు గదరా" అంది.

తర్వాత నూకలు నేల మీద కుమ్మరించింది. కోళ్లు పరుగెత్తుకొచ్చాయి. ఖాళీ రేకు నా చేతికిచ్చి, "కడిగి బిగియ్యి" అంది. నాలుగు బోల్టులూ బిగిసేదాకా అక్కడి నుంచి కదలలేదు.