ఎడమ వెనుక తలుపు

నిన్న ఫోను అద్దం పగిలిందని నూజివీడు బస్టాండు దగ్గర రిపేరు కొట్టుకి వెళ్లాను. కొట్టతను కొత్త అద్దం అంచున సన్నటి గొట్టంతో జిగురు రాస్తుంటే ఆ వాసన గుప్పున తగిలింది. ఘాటుగా, లోపల ఎక్కడో కొంచెం తియ్యగా ఉండే వాసన. నా చెయ్యి దానంతటదే పొట్ట మీదికి వెళ్లింది. "ఏంటండీ, కళ్లు తిరుగుతున్నాయా?" అన్నాడతను. లేదన్నాను. కానీ బయటికొచ్చి మెట్టు మీద కాసేపు కూర్చోవాల్సి వచ్చింది. పదేళ్ల కిందట ఆరు నెలలపాటు నేను ఆ వాసనలో భయపడుతూ బతికాను. భయంతో ఎలా బతకాలో నాకు చూపించిన మనిషి కూడా ఆ వాసనలోనే ఉంది.

అప్పటికి నాకు రెండు గర్భాలు పోయాయి. మూడోసారి మూడో నెల దాటగానే డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది. మా ఆయన ఆగిరిపల్లి వైపు మామిడి తోటలు కౌలుకి తీసుకునేవారు. పొద్దున్నే బండి మీద వెళ్తే చీకటి పడే వేళకి వచ్చేవారు. నేను మంచం మీద పడుకుని ఫ్యాను రెక్కలు చూస్తూ, లోపల ఏ చిన్న కదలిక వచ్చినా, రాకపోయినా, వణికిపోయేదాన్ని. బాత్‌రూముకి వెళ్లాలంటే భయం. వెళ్లి కిందికి చూసుకోవాలంటే ఇంకా భయం. రక్తపు చుక్క కనిపించని ప్రతిసారీ ఊపిరి వదిలేదాన్ని. గంట తిరిగేసరికి మళ్లీ మొదలయ్యేది.

మేము అద్దెకుండే ఇంటి ముందు భాగంలో ఇంటావిడ సలోమీ ఆంటీ ఒక్కతే ఉండేది. ప్రభుత్వ నర్సుగా చేసి రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు. ఆదివారం చర్చికి, బుధవారం కూరగాయలకి తప్ప గేటు దాటేది కాదు. ఆవిడకో వింత అలవాటు ఉండేది. ప్లాస్టిక్ ముక్కలతో చిన్న చిన్న కార్లు కట్టేది. పెట్టెలో చట్రాలకి అంటుకుని వచ్చే ముక్కల్ని సర్జికల్ బ్లేడుతో కోసి, గోళ్లు అరగదీసే ఆకురాయితో నునుపు చేసి, ఆసుపత్రి రోజుల నాటి ఫోర్సెప్స్‌తో పట్టుకుని అతికించేది. నేను మంచం ఎక్కిన వారానికి ఆవిడ ఒక పీట, ఒక అట్టపెట్టె పట్టుకుని నా గదిలోకి వచ్చింది.

"నా కుడి కన్ను ఆపరేషనైంది, ఎడమది మసక. నీకు కళ్లున్నాయి, పని లేదు. నీ కళ్లు నాకు అద్దెకివ్వమ్మాయ్."

"నాకు చేతులు వణుకుతున్నాయండీ."

"వణకనీ. ముక్క పట్టుకుంటే వాటికి వేరే పని ఉండదు."

అలా మొదలైంది. జిగురు పని మాత్రం ఆవిడ వరండాలో, నాకు దూరంగా చేసేది. అయినా కిటికీలోంచి వాసన వచ్చేది. నా వంతు కొలవడం, గీతలు గీయడం, ముక్కల నంబర్లు చదవడం. పెట్టె మీద బొమ్మ ఏదో పాత ఇంగ్లీషు కారుది. "ఇది మన అంబాసిడర్‌కి అక్కలాంటిది. దీన్ని అంబాసిడర్ చేద్దాం" అంది. కారు ముందున్న జాలీ గీకేసి పేలదువ్వెన పళ్లతో కొత్తది చేసింది. బయటి దేశాల కోసం చేసిన రకం కాబట్టి ఎడమ వైపున్న స్టీరింగు కోసి కుడి వైపుకి మార్చింది. నేను వేసుకునే మాత్రల అట్టల వెండి రేకుతో హెడ్‌లైట్లు తయారయ్యాయి. అసలు కారులో రెండడుగులుండేది ఇందులో అంగుళం. ఆ లెక్క ఆవిడ ఎప్పుడూ నోట్లో అనుకుంటూ ఉండేది. కొలత ఒక వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్క తీసేసి మళ్లీ చేసేది. బొమ్మకి ఇంత పట్టింపు ఎందుకో నాకు అర్థమయ్యేది కాదు. తలుపులన్నీ మూసి ఉండేలా వచ్చిన బొమ్మలో, ఎడమ వైపు వెనుక తలుపు ఒక్కటే బ్లేడుతో కోసి, తెరుచుకునేలా చేసింది. అదొక్కటే ఎందుకని అడిగితే విననట్టు ఇంకో ముక్క నంబరు చదవమంది.

నాకు ఆరో నెల వచ్చిన రోజుల్లో ఒక ఉదయం గేటు చప్పుడైంది. కోత కూలీల సంగతి మాట్లాడాలని మా ఆయన కోసం ఎవరో వచ్చారు. నలభై ఏళ్ల మనిషి. "ఏ ఊరు బాబూ?" అని వరండాలోంచి అడిగింది ఆంటీ. "రెడ్డిగూడెం అండీ" అన్నాడు. ఆవిడ చేతిలో ఫోర్సెప్స్ కింద పడింది. గబగబా నా గదిలోకి వచ్చి లోపల గడియ పెట్టింది. ఆవిడ ముఖం అంత పాలిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అతనికి తల్లి ఉందేమో అడుగు" అంది గుసగుసగా.

"ఏంటండీ?"

"అడుగమ్మా. కిటికీలోంచి అడుగు."

అడిగాను. ఉందన్నాడు, మోకాళ్ల నొప్పులతో ఉందన్నాడు. అప్పుడు గానీ ఆవిడ గడియ తియ్యలేదు. రోజూ నాకు ధైర్యం చెప్పే మనిషే అలా వణికితే నా సంగతేంటని నాకు కొత్త భయం పట్టుకుంది.

రెండు రోజుల తర్వాత ఆవిడే చెప్పింది. తనకి ఇరవయ్యారేళ్లప్పుడు రెడ్డిగూడెంలో పనిచేసేది. మామిడి కోతలకెళ్లే నాగమణి అనే పిల్లకి తొలి కాన్పు. మగబిడ్డ పుట్టాడు, కానీ రక్తం ఆగలేదు. తోట ఆసామి అంబాసిడర్‌లో నూజివీడు బయల్దేరారు. నాగమణిని వెనుక సీటు మీద పడుకోబెట్టి, ఆంటీ సీట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని, గర్భసంచి గట్టిపడేలా పొట్టని పిడికిలితో అదిమి పట్టింది. బిడ్డతో నాగమణి తల్లి ముందు సీట్లో ఉంది. ఊరి పొలిమేరలో మామిడికాయల బళ్లు దారికడ్డంగా నిలిచిపోయాయి. డ్రైవరు దిగి వెళ్లాడు, రాలేదు. అద్దం దించే పిడి ఊడిపోయి ఉంది, తలుపు తియ్యకుండా కేకేస్తే బయటికి వినపడదు.

"భయమేసిందమ్మా. చెయ్యి తీసేశాను. ఆ ఎడమ తలుపు తీసుకుని దిగి, దారిమ్మని కేకలేశాను. ఎంతసేపో తెలీదు. మళ్లీ లోపలికొచ్చి చెయ్యి పెడితే పొట్ట మెత్తగా అయిపోయింది. సీటంతా..." అని ఆగింది.

నా రెండు చేతులూ నా పొట్ట మీదున్నాయి. ఇంతకాలం నేను గీతలు గీసింది ఆ సీటుకా అనిపించింది. ఆ పిల్లాడు పెరిగి పెద్దవాడయ్యాడనీ, రెడ్డిగూడెంలో కోత ముఠాకి మేస్త్రీ అనీ ఆవిడకి తెలుసు. నలభై ఏళ్లుగా అతను గేటు తీసుకుని వస్తాడేమోనని భయపడుతూనే ఉంది.

"మరి ఈ కారెందుకండీ?"

"ఒక చెయ్యి అక్కడే ఉంచి, రెండో చేత్తో ఆ తలుపు తియ్యగలిగేదాన్నా అని. నాకు అది తెలియాలి."

మర్నాడు టేపు తెచ్చి తన చెయ్యి నాచేత కొలిపించింది. భుజం నుంచి వేళ్ల కొసల దాకా ఇరవయ్యారు అంగుళాలు. చర్చి కొవ్వొత్తి మైనంతో తన బొమ్మ, నాగమణి బొమ్మ చేసింది. చేతులకి సన్నటి తీగ పెట్టింది. కారుకి ఇంకా పైకప్పు అతికించలేదు. బొమ్మల్ని లోపల పెట్టి, ఒక చేతిని నాగమణి పొట్టకి ఆనించి, రెండో చేతిని తలుపు వైపు చాపమని నాకు ఫోర్సెప్స్ ఇచ్చింది.

"నాకు కనపడదు. నువ్వు చూసి చెప్పు. అందుతుందా?"

తీగ కొస తలుపు పిడిని తాకింది. కొంచెం మిగిలింది కూడా. నేను ఆవిడ ముఖంలోకి చూశాను.

"అందదండీ" అన్నాను.

ఆవిడ చూపుడు వేలు మెల్లగా కారులోకి పోనిచ్చి, మైనపు భుజం దగ్గర్నుంచి తీగ వెంబడే తడుముకుంటూ పిడి దాకా వెళ్లింది.

"అందింది కదమ్మా."

నాకు ఏడుపొచ్చింది.

"భయపడి అన్నావు. తెలుసు. నేనూ భయపడే చెయ్యి తీశాను. కానీ నాకు అబద్ధం చెప్పమాక శారదా. నలభై ఏళ్లుగా అందరూ నీ తప్పేం లేదనే చెప్పారు. ఎవరికీ నేను జరిగింది చెప్పలేదు కాబట్టి."

ఆ కారుకి రంగు వెయ్యలేదు. పెట్టెలో పెట్టేసి మూత మూసింది. ఆ తర్వాత నాకు ధైర్యం చెప్పడం కూడా మానేసింది. "ఈసారి నిలుస్తుందాండీ?" అని అడిగితే, "తెలీదమ్మా. ఇవాళ్టికి బాగానే ఉంది" అనేది. విచిత్రంగా ఆ మాటే నన్ను నిద్రపోనిచ్చేది.

తొమ్మిదో నెల మొదట్లోనే నొప్పులొచ్చాయి. కోతలు జోరుగా సాగుతున్న రోజులు. మా ఆయన తోటలో ఉన్నారు. ఆంటీయే కారు పిలిపించింది. ఆ నలభై ఏళ్లలో ఆంటీ కారు వెనుక సీట్లో కూర్చోలేదట. తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగింది. "భయంగా ఉంది" అని పైకే అని, ఎక్కి, నా తల ఒళ్లో పెట్టుకుంది. మార్కెట్ దగ్గర ట్రాక్టర్ల మధ్య కారు ఆగినప్పుడు ఆవిడ గోళ్లు నా భుజంలో దిగాయి. దారి దొరికింది. పాప బరువు తక్కువగా పుట్టింది, పది రోజులు అద్దాల పెట్టెలో ఉంది, బతికింది.

పాపకి మూడో నెల వచ్చాక ఆవిడ నన్ను తోడు రమ్మంది. రెడ్డిగూడెంలో నాగమణి కొడుకు, మేస్త్రీ వెంకన్న ఇంటికి వెళ్లాం. చెయ్యెత్తు మనిషి. కుర్చీలు వేసి మంచినీళ్లిచ్చాడు. ఆంటీ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పింది. చెయ్యి తీశానని, తియ్యకుండా తలుపు అందేదని కూడా. అతని దవడ బిగుసుకోవడం చూసి నేను పాపని గుండెకి అదుముకున్నాను.

"చెయ్యి తియ్యకపోతే బతికేదా?" అన్నాడు.

"తెలీదు బాబూ. బతికేదేమో."

అతను లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. వెళ్లిపోదామా అన్నాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది. తిరిగొచ్చినప్పుడు అతని ముఖం కడుక్కున్నట్టు తడిగా ఉంది.

"మా అమ్మ ఎలా ఉండేదండీ? ఒక్క ఫోటో లేదు మా ఇంట్లో. నాకు ఊహ తెలిసేసరికి అమ్మమ్మ కూడా పోయింది, చూసినోళ్లెవరూ మిగల్లేదు."

ఆంటీ అప్పుడు కూర్చుంది. "పొట్టిగా ఉండేది. పైపన్ను మీద చిన్న పన్ను ఎక్కి ఉండేది, నవ్వితే చేత్తో మూసుకునేది. చేతుల మీద మామిడి సొన మచ్చలు. నొప్పుల మధ్యలో నన్ను, పొద్దున్నుంచీ ఏమన్నా తిన్నావా అక్కా అని అడిగింది." నలభై ఏళ్లు మర్చిపోదామనుకున్న ముఖాన్ని ఆవిడ ఒక్కొక్క గీతే అతనికి అప్పగించింది. అతను ఆపకుండా అడుగుతూనే ఉన్నాడు. అతను క్షమించాడో లేదో నాకు తెలియదు. ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆంటీ పోయి ఆరేళ్లయింది. వెంకన్న మాత్రం ఏటా కోతలప్పుడు నన్ను వాళ్లింటికి పిలుస్తాడు. ఇప్పుడు నాగమణి సంగతులు తెలిసిన బయటి మనిషిని నేనొక్కదాన్నే. నేను చూడని మనిషి ముఖాన్ని మోస్తున్నాను. ఒక్క గీత చెరిగిపోతుందేమోనని, నాకు తెలియకుండానే ఒకటి కలుపుతానేమోనని భయం. ఈ ఏడు అతని కూతురు, పదో తరగతి పిల్ల, నోట్‌బుక్ తెచ్చుకుని నేను చెప్పేవన్నీ రాసుకుంది.

"మా నాయనమ్మ గొంతు ఎలా ఉండేదండీ?" అంది మధ్యలో.

సన్నగా, తియ్యగా అనే జవాబు నాలుక చివర సిద్ధంగా ఉంది. ఇంట్లో అందరూ నావైపే చూస్తున్నారు. ఆ మాట అనేస్తే ఎవరికీ నష్టం లేదు.

"అది ఆంటీ చెప్పలేదమ్మా. నాకు తెలీదు" అన్నాను.

ఆ పిల్ల నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, పుస్తకంలో ఒక వరస ఖాళీగా వదిలి, "సరే, ఆ పన్ను సంగతి మళ్లీ చెప్పండి" అంది.