వెనుక గుమ్మం

ఆ ఆదివారం సాయంత్రం ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే క్వార్టరు ముందు గదిలో ఉన్నవాళ్ళు వీళ్ళు: వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మా నాన్న, మా అమ్మ, నా భార్య పార్వతి, పలాస నుంచి వచ్చిన ఆమె అన్న, గుమ్మం దగ్గర నిలబడ్డ ఒక నర్సు, నేను. వస్తువులు: నాలుగు కుర్చీలు, ఒక నవారు మంచం, ఎవరూ ముట్టుకోని టీ గ్లాసులు. ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. నర్సును కూర్చోమని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. తొమ్మిదేళ్ళుగా నేను మోస్తున్న బరువు ఆ గదిలో ఎత్తుకున్నదే. ఇంతవరకు ఎవరి ముందూ దించలేదు. మీ ముందు దించుతున్నాను.

ఆమె పేరు రాయను. ఒకసారి ఆ పేరును బజారులో పడేసినవాణ్ణి. అందరూ సిస్టరమ్మ అనేవారు. నేనూ అలాగే అంటాను.

నాకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. డిప్లొమా చదివి, వర్క్‌షాపులో చక్రాలూ ఇరుసులూ కొలిచి సరిచూసే పనిలో ఉండేవాణ్ణి. వెంట్రుకవాసి తేడా ఉన్నా వెనక్కి పంపేవాణ్ణి. పెళ్ళయిన మొదటి రాత్రి మొదలవుతూనే అయిపోయింది. రెండో రాత్రీ అంతే. ఆ తర్వాతా అంతే. దాన్ని శీఘ్రస్ఖలనం అంటారని కూడా నాకు తెలియదు. చిన్నతనపు అలవాట్లకు ఇది శిక్ష అనుకున్నాను. గోల్‌బజార్‌లో బట్టల కొట్ల వెనుక ఒకడు నరాల బలహీనతకని లేహ్యం అమ్మేవాడు. తిన్నాను. కడుపు మండింది తప్ప ఏమీ మారలేదు. అప్పుడు నైట్ షిఫ్టులు అడిగి మరీ వేయించుకోవడం మొదలుపెట్టాను. "నామీద కోపమేటండీ?" అని పార్వతి ఒకసారి అడిగింది. కోపం ఆమె మీద కాదని చెప్పడానికి నాకు ఎంత ధైర్యం కావలసి ఉండేది? పెద్దగా అక్కర్లేదు. అదీ లేకపోయింది.

మా ఊళ్ళోనే ఝపటాపూర్ అనే పేటలో ఒక బెంగాలీ డాక్టరు ఉండేవాడు, ముసలాయన. వీధి వైపు ఆయన గది. దాని ఎదురుగా టీ కొట్టు, అక్కడ ఎప్పుడూ మా వర్క్‌షాపువాళ్ళే. వాళ్ళ కళ్ళెదుట డాక్టరు గుమ్మం ముందు బల్ల మీద రోగిలా కూర్చోవడం నావల్ల కాలేదు. డాక్టరు గది వెనుకే, దానిలోకి తలుపున్న గదిలో, ఆయన దగ్గర నర్సుగా చేసే సిస్టరమ్మ అద్దెకుండేది. ఆమె మన కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబంలోది. భర్త పోయాడు. సందులోకి తెరుచుకునే గుమ్మం ఆమెది. అటునుంచి రానివ్వమని బతిమాలాను.

"సిగ్గుపడాల్సిన జబ్బు కాదు బాబూ," అంది. "ఐనా మీకంత కష్టంగా ఉంటే నా గదిలోంచే రండి."

డాక్టరు చెప్పింది నాకు ఇప్పటికీ వరుసగా గుర్తుంది. ఇది రక్తం తక్కువై వచ్చింది కాదు. చిన్ననాటి అలవాటు వల్ల వచ్చిందీ కాదు. చాలామంది మగవాళ్ళకు ఉంటుంది, ఎవరూ చెప్పుకోరు. భయపడే కొద్దీ పెరుగుతుంది. ముగిసేలోపే ఆగడం, ఉద్రేకం తగ్గనివ్వడం, మళ్ళీ మొదలుపెట్టడం నేర్చుకోవచ్చు. కానీ అది ఒక్కడే నేర్చుకునేది కాదు, భార్యకు చెప్పాలి. "బహూకో లేకే ఆవో," భార్యను తీసుకురా, అనేవాడు వెళ్ళినప్పుడల్లా. వచ్చేసారి తీసుకొస్తాను అనేవాణ్ణి.

ఎవరో చూశారు. ఒకరోజు మధ్యాహ్నం డిన్నర్ బెల్ మోగాక వర్క్‌షాపులో నా పక్క బెంచీవాడు అందరూ వినేలా అన్నాడు:

"ఏటి గురూ, ఝపటాపూర్‌లో ఎనక గుమ్మం నీకోసమే తీసుంచుతున్నారట! ఇంట్లో కొత్త పెళ్ళాం సరిపోనేదేటి? దాదా, నువ్వు మామూలోడివి కాదు!"

అందరూ నవ్వారు. నేను కాదనలేదు. చిరునవ్వు నవ్వాను.

ఆ నవ్వును ఎన్నిసార్లు విప్పి చూసుకున్నానో. భయమా? భయం ఉంది, కానీ భయపడ్డవాడు తల దించుకుంటాడు, నేను దించుకోలేదు. నాలో ఏదో తక్కువ ఉందని రోజూ రాత్రి కుమిలేవాణ్ణి. మొదటిసారి ఎవరో నాలో ఏదో ఎక్కువ ఉందన్నారు. అది నాకు తియ్యగా ఉంది. ఒక ఆడమనిషి పరువు పెట్టి ఆ తీపి కొనుక్కున్నాను. తెలిసే కొనుక్కున్నాను.

మాట పలాస దాకా వెళ్ళింది. ఆ ఆదివారం పార్వతి అన్న దిగాడు. సిస్టరమ్మను ఎవరూ పిలవలేదు. ఈ మాట తుడిచేయడానికి ఆమే వచ్చింది.

"మీ అబ్బాయి నా గదిలోంచి వచ్చేవారు, అది నిజమే," అంది మా నాన్నతో. "ఎందుకో ఆయనే చెప్తారు. చెప్పండి బాబూ."

"సెప్పరా," అన్నాడు నాన్న. "నోట్లో ఏటున్నాది?"

"సెప్పడానికేటుంది మావా!" అన్నాడు పార్వతి అన్న. "ఎనక గుమ్మంలోంచి ఎల్లేటోడు దేవుడి పాటలు నేర్సుకోడానికి ఎల్తాడేటి?"

"నా కొడుకు అమాయకుడు," అని అమ్మ ఏడ్చింది. "ఇదే ఏదో మందెట్టీసినాది!"

సిస్టరమ్మ నావైపే చూస్తూ ఉంది. డాక్టరు దగ్గరికి అని రెండు ముక్కలు చాలు. ఏ జబ్బో కూడా చెప్పక్కర్లేదు. కానీ ఏ జబ్బని అడుగుతారు కదా? పార్వతి తలెత్తింది. అప్పుడు నేను అన్నాను:

"తప్పయిపోనాది నాన్నా. ఇంకెప్పుడూ ఎల్లను."

చెయ్యని తప్పు ఒప్పుకుని, ఉన్న జబ్బు దాచుకున్నాను. సిస్టరమ్మ తల్చుకుంటే నన్ను ఒక్క మాటతో కూల్చేది. రోగి సంగతి బయట పెట్టకూడదన్నది ఆమె నేర్చుకున్న చదువు. కొంగు సర్దుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది. మా నాన్న గుమ్మంలో నీళ్ళు చల్లించాడు.

ఇంటి ఓనరు ఆమెను ఖాళీ చేయించాడు. నెల తర్వాత నేను మొదటిసారి వీధి వైపు నుంచి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. వెనుక గదికి తాళం. ఆయన నాడి చూడలేదు, కూర్చోమనలేదు. "తుమి కిఛు బోల్లే నా?" అన్నాడు. నువ్వేమీ చెప్పలేదా, అని. బయటికి వచ్చేశాను. వైద్యం అక్కడితో ఆగిపోయింది. ఆమె ఏ ఊరు వెళ్ళిందో నేను కనుక్కోలేదు. కనుక్కుంటే వెళ్ళాల్సి వస్తుందని.

పార్వతి పుట్టింటికి పోలేదు. పిల్లలు పుట్టారు, కాబట్టి మాకు ఏ లోటూ లేదని లోకం అనుకుంటుంది. జబ్బు అలాగే ఉంది. ముగిశాక నేను అటు తిరిగి పడుకుంటే, నా మనసు ఇంకా ఆ మనిషి మీదే ఉందని పార్వతి నమ్మకం. "ఆవిడ అంత బాగుంటాదేటండీ?" అని అడిగింది ఒకసారి. మెల్లగా, కోపం లేకుండా. ఆ ప్రశ్నకు జవాబు చెబితే నా జబ్బు నయమయ్యే దారీ దొరికేది. గోడ వైపు తిరిగి నిద్రపోయినట్టు పడుకున్నాను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలో లేదు. రాస్తుంటే ఛాతీ మీద ఏదో కొద్దిగా జరిగినట్టుంది, అంతే. పార్వతి పక్క గదిలో పిల్లలకు అన్నం పెడుతోంది. ఆమెకు ఇంకా తెలియదు.

నిన్నటి వరకు ఈ నిజం తెలిసినవాళ్ళం ముగ్గురం: డాక్టరు, సిస్టరమ్మ, నేను. మీతో నలుగురు.